ఛాయాదేవి తర్జుమా

జర్మనీలోని వాల్డార్ఫ్‌లో ఇరవై నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన రవీంద్రనాథ్‌కి జర్మన్ రాదు. ఆఫీసులో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు. ఆ రెండూ కాని చోటల్లా భార్య ఛాయాదేవి ఉండేది. చిన్నపిల్లల్ని చూసుకునే కీటాలో పద్నాలుగేళ్ళు వంట చేసి, ఆ పిల్లల దగ్గరే ఆవిడ భాష పట్టేసింది. డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కావాలన్నా, సర్కారు ఆఫీసు ఉత్తరం చదవాలన్నా ఆవిడే. "మా ఆవిడుండగా నాకెందుకండీ జర్మన్" అని ఆయన నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు.

నవంబరులో ఆయనకి చిన్న స్ట్రోక్ వచ్చింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, మాట తడబడలేదు. చూపులో మాత్రం ఎడమవైపు సగం పోయింది. పోయిన సంగతి ఆయనకే సరిగా తెలియదు, ఆ జబ్బు తీరే అంత. ఆస్పత్రిలో డాక్టరుకి ఇంగ్లిష్ అంతంతమాత్రం, జర్మన్‌లోనే నిదానంగా, విడమరిచి చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఇక కారు నడపకూడదు. చెప్పి, ఇది ఆయనకి చెప్పండి అని ఛాయాదేవి వైపు తిరిగాడు.

మంచం మీద ఆయన బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు. మన ఇళ్ళలో రోగికి ఉన్నదున్నట్టు ఎవరు చెబుతారు? ఛాయాదేవి తండ్రికి క్యాన్సరని ఆయన పోయేదాకా ఇంట్లో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆవిడ నేర్చుకున్న ప్రేమ అదే.

"కళ్ళు కాస్త నీరసించాయటండీ. మెల్లిగా సర్దుకుంటాయట. డ్రైవింగ్ కొంచెం తగ్గించమంటున్నారు" అంది.

అర్థమైందా అన్నట్టు డాక్టరు చూస్తే ఆయన తల ఊపాడు. కూతురు సంయుక్తకీ ఆవిడ అదే చెప్పింది. నాలుగు రోజులాగి నిజం చెబుదామనుకుంది. నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి.

ఈలోగా ఆయన రిటైరయ్యాడు. వేసవి సెలవుల్లో సంయుక్త పిల్లలిద్దర్నీ ట్రైలర్‌లో, అంటే కారు వెనక తగిలించుకునే చిన్న ఇంట్లో, ఊళ్ళు తిప్పుతానని పట్టుబట్టాడు. మనవడు శశాంక్‌ని గోడకి నిలబెట్టి కొలిచి, పడక ఎంత పొడుగుండాలో తేల్చాడు. మనవరాలు ఈషాకి పై పడక కావాలి. అన్నం, కూర ఒకేసారి వండుకోవడానికి రెండు పొయ్యిలుండాలి. ఇంత ఉత్సాహం ఆయనలో ఆవిడ చూసి చాలా ఏళ్ళయింది. చెప్పాలని నోటిదాకా వచ్చిన మాట ప్రతిసారీ అక్కడే ఆగిపోయేది.

రోజూ ఈషాని కీటాకి కార్లో దింపేది ఆయనే. ఛాయాదేవి సరిగ్గా ఆయన వెనక సీట్లో కూర్చుని ఎడమ పక్కంతా తనే చూసేది. "ఏమండీ, సైకిలు." "ఏమండీ, బస్సు." నీకీమధ్య చాదస్తం ఎక్కువైందని ఆయన విసుక్కునేవాడు. మొగుడి మీద ప్రేమ అనండి, ఇంకేమైనా అనండి, చేసింది మాత్రం ఒట్టి మూర్ఖత్వం.

మార్చిలో ఒక శనివారం అందరూ కలిసి ట్రైలర్లు అమ్మే చోటుకి వెళ్ళారు. నచ్చినది దొరికింది. ఒకసారి లాగి చూడండని అమ్మకందారు దాన్ని వాళ్ళ కారుకి తగిలించి, తను ముందు సీట్లో పక్కన కూర్చున్నాడు. వెనక డోరు తీయబోయిన ఛాయాదేవిని రవీంద్రనాథ్ ఆపాడు.

"నీ నస లేకుండా ఒక్క రౌండు వేయనీ."

నలుగురిలో ఆయన మాటకి అడ్డు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. కిందే నిలబడిపోయింది.

బండి మలుపు తిరుగుతోంది. రెండు ట్రైలర్ల మధ్య నుంచి ఈషా బయటికి వచ్చి, తాతయ్యకి చెయ్యూపుతూ ఎడమవైపు నుంచి నడుస్తోంది. ఆయన చూస్తూనే ఉన్నాడు, కారు ఆగలేదు. ఛాయాదేవికి పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మకందారు గట్టిగా అరిచాడు. బ్రేకు పడింది. పిల్లకీ బంపరుకీ మధ్య జానెడు దూరం మిగిలింది.

ఆయన కారు దిగాడు. "ఎక్కణ్ణుంచి వచ్చిందిది?"

"నీ ముందే పది అడుగులు నడిచింది నాన్నా. నీకు కనబడలేదా?" అంది సంయుక్త.

ఈయన కళ్ళకేమైనా జబ్బుందా అని అమ్మకందారు జర్మన్‌లో అడిగాడు.

"ఏమంటున్నాడు ఛాయా?"

ఇక దాచలేకపోయింది. డాక్టరు అన్నది అన్నట్టు, ఒక్క మాట మార్చకుండా చెప్పేసింది. ఆయన కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"తెలిసీ నా కూతుర్ని రోజూ ఆ కారెక్కించావా అమ్మా?"

"నేనూ ఎక్కేదాన్ని కదే. ఎడమ పక్క నేనే చూసుకునేదాన్ని."

తన నోటి నుంచి వచ్చాకగానీ ఆ మాట ఎంత ఘోరమో ఆవిడకి వినబడలేదు. సంయుక్త ఈషాని చంకనెత్తుకుని, శశాంక్ చెయ్యి పట్టుకుని బస్‌స్టాప్ వైపు నడిచింది.

"డాక్టరు ఇంకా ఏమన్నాడు?" అడిగాడు రవీంద్రనాథ్.

"ఇంకేం లేదండీ. ఒట్టు."

అది నిజం. ట్రైలర్ విప్పేయమంటారా, ఇంటికి కారెవరు నడుపుతారు అని అమ్మకందారు జర్మన్‌లో అడుగుతున్నాడు. ఛాయాదేవి భర్త వైపు తిరిగి చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. ఇక్కడ ఇంగ్లిష్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆ మనిషినే ఇంగ్లిష్‌లో అడిగాడు.