తొట్లె పాటలకు నడుమెందుకు?

మూసీ పొంగి హైదరాబాదును ముంచిన సంగతి పెద్దలు కథలు కథలుగా చెబుతారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో జరిగిన పెద్ద విపత్తు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఎందుకంటే అది నాంపల్లి సందులో, ఒక చిన్న అచ్చాఫీసులో, కేవలం నా తెలివితేటల వల్ల జరిగింది. చేసిన తప్పు చెప్పుకుంటే సగం పాపం పోతుందంటారు. మిగతా సగం మీరు నవ్వితే పోతుందని నా ఆశ.

అరవైల చివరి రోజులు. నాకు ఇరవై మూడేళ్ళు. తెనాలి నుంచి ఒక ట్రంకు పెట్టె, రెండు జతల బట్టలు, కళ గురించి నాలుగు బండ్లకు సరిపడా అభిప్రాయాలు పట్టుకొచ్చి యాదగిరి సేఠ్ ప్రెస్సులో కుదిరాను. మా ప్రెస్సుకు అన్నం పెట్టేవి సినిమా పాటల పుస్తకాలు. కొత్త బొమ్మ ఆడుతోందంటే హాలు గేటు దగ్గరా, అబిడ్స్ ఫుట్‌పాత్ మీదా మా పుస్తకం ఉండాల్సిందే. లోపలి పాటలు ఎవరు రాసినా, అట్ట మీద ఏ బొమ్మ వేయాలో తేల్చే మహారాజును నేనే.

ఆ బొమ్మల కోసం గోడకు ఒక అలమర ఉండేది. చెక్కముక్కలకు బిగించిన జింకు బ్లాకులు. ఒకటి చేయిస్తే పదేళ్ళు వాడేవాళ్ళం. వాటి కింద నేను సుద్దతో పేర్లు రాశాను. మగవాళ్ళ వరసలో: వీణ, హార్మోనియం, ఆలోచన, దేశభక్తి. ఆడవాళ్ళ వరసలో: సిగ్గు, ఏడుపు, తడిచీర, నడుము. ఆలోచించే ఆడమనిషి బ్లాకు మా దగ్గర లేదు. మరీ చిత్రం, పాడే ఆడమనిషి బ్లాకు కూడా లేదు. మేం వేసే పాటల్లో సగం ఆడగొంతులు పాడినవే. అయినా పాటకు నోరు తెరిచిన ఆడదాని బొమ్మ ఒక్కటీ లేదు! ఇది నాకు ఆనాడు వింతగా తోచలేదు. తోచి ఉంటే ఈ కథే లేదు.

వాటిలో నాకు ప్రాణం 'నడుము'. క్లబ్బులో నాట్యమాడే అమ్మాయి. మనిషి మొత్తం జిలేబీ చుట్టలా తిరిగి ఉంటుంది. ఒక కన్ను సగం మూత, ఒక చేయి నడుము మీద, రెండో చేతిలో గ్లాసు. ఆమెను అప్పటికి పదకొండు పుస్తకాల మీద వేశాను. అందులో ఒకటి భక్తి సినిమా.

"దేవుని పుస్తకం మీద గీమె ఏంది మూర్తీ?" అన్నాడు సేఠ్.

"ఇంద్రసభ సీను ఉంది కదండీ."

"గ్లాసు?"

"అమృతం."

సేఠ్ ఒక్క క్షణం ఆలోచించి, "సరే పో, జనం కొంటున్నరు గదా" అన్నాడు. ఆ జనంలో మొదటివాణ్ణి నేనే.

అలాంటి రోజుల్లో రుక్మిణి టీచరు వచ్చింది. దగ్గర్లోని ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేది. చేతిలో పిల్లలు వాడే నోటుబుక్కు.

"ఇవి మా అత్తమ్మ పాటలండీ. తొట్లె పాటలు. అంటే మీ దిక్కు ఉయ్యాల పాటలంటరు. రెండేండ్లు బతిమాలితే ఇరవై పాటలు చెప్పింది, నేను రాసుకున్న. శుక్రవారం మా బిడ్డను తొట్లెల ఏస్తున్నం. వచ్చినోళ్ళకు తలా ఒక పుస్తకం ఇయ్యాలె."

"తప్పకుండా ఇద్దామండీ."

"ఒక్క మాట." ఆమె గొంతు తగ్గించింది. "మా అత్తమ్మకు భయం. పాట అచ్చుల ఏస్తే బజార్ల పడతది, నలుగురు నవ్వుతరు అంటది. పేరు చెడగొట్టనని ఒట్టేసిన. ఇంకో ఇరవై పాటలు ఆమె నోట్లనే ఉన్నయి. ఇప్పుడేమన్న తేడా వస్తే ఇగ నోరు తెరవది. డెబ్బై ఏండ్ల మనిషి. ఆమెతోనే పోతయవి. జర పైలం."

"మీరేం ఫికర్ పడకండి టీచరుగారూ!" అన్నాను. హైదరాబాదు వచ్చి ఏడాదైంది, ఫికర్ అనే మాట నేర్చుకున్నాను కానీ పడటం నేర్చుకోలేదు.

అలమర తెరిచాను. తల్లి బొమ్మ కావాలి. 'సిగ్గు' పెళ్ళికూతురు, పనికిరాదు. 'ఏడుపు' శుభమా అని వద్దు. 'తడిచీర' సరే, చెప్పక్కర్లేదు. నా చేయి, తాగుబోతు కాళ్ళు కల్లు కాంపౌండుకు వెళ్ళినట్టు, దానంతటదే 'నడుము' దగ్గరికి వెళ్ళింది. ముఖం వరకు చూస్తే చక్కటి పిల్ల! మెడ కింద భాగం అచ్చులో పడకుండా చేస్తే తల్లి అయిపోదూ?

మధ్యలో కిటికీలా కోసిన దళసరి కాగితం ఒకటి మిషనుకు కట్టాను. కిటికీలోంచి ముఖం మాత్రం పడుతుంది, మిగతాది కాగితం ఆపుతుంది. నుదుట ఎర్ర సిరాతో పెద్ద బొట్టు. టీచరుకు నమూనా చూపిస్తే, "మొఖం మంచిగుంది గానీ, కన్ను గట్లెందుకు మూసింది?" అంది.

"బిడ్డను నిద్రపుచ్చుతూ తనూ తూగుతోందండీ."

పాపం, నమ్మింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడట వెనకటికొకడు. నేను పట్టిన కుందేటికి అసలు కాళ్ళే లేవన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అట్టలు అచ్చుకు ఎక్కాయి. ట్రెడిల్ మిషను తొక్కేది పోచయ్య. మొదటి పది అట్టలు చూశాను, బ్రహ్మాండం. ఆ కాగితం సిరాకు తడిసి చిరుగుతుంది, యాభై అట్టలకొకసారి మార్చాలి. ఆ సంగతి నాకు తెలుసు. పోచయ్యకు చెప్పాలనీ తెలుసు. కానీ గడియారం మూడున్నర చూపిస్తోంది. అబిడ్స్‌లోని హాల్లో మ్యాటినీ నడుస్తోంది. నాలుగింటికి సరిగ్గా అందులో క్లబ్బు పాట వస్తుంది. గేటు దగ్గర మనిషి మనవాడే. పాటకు ముందు దూరి, పాట అవగానే లేచిరావడం ఆ వారంలో నాకది అయిదోసారి. ఆ పాట పాడిన గొంతు ఎవరిదో అడిగితే చెప్పలేను. పల్లవి కూడా రాదు. అయిదుసార్లు చూశాను, ఒక్కసారీ వినలేదు.

దారిలో చాయ్, కబుర్లు ముగించుకుని చీకటిపడ్డాక తిరిగి వచ్చేసరికి పోచయ్య మూడు వందల అట్టలు కట్టగట్టి, అవి ఎండకముందే లోపలి కాగితాలకు కుట్టేసి, టీచరు పంపిన రిక్షాలో ఎక్కించేశాడు. పనిమంతుడని మెచ్చుకున్నాను.

బుధవారం పొద్దున టీచరు వచ్చింది. వెనకే, నడుం వంగి కర్ర పట్టుకున్న ఒక ముసలావిడ. ఆ పాటల అత్తమ్మ, ఈశ్వరమ్మగారు. బోసినోరు, చెవులకు గంటీలు. టీచరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక పుస్తకం బల్ల మీద పెట్టింది.

అట్ట చూశాను. నుదుట రూపాయంత బొట్టు. కింద జిలేబీ చుట్ట. చేతిలో గ్లాసు. కాళ్ళు లేవన్న కుందేటికి రెండూ ఉన్నాయి, అదీ మోకాళ్ళ పైదాకా. దాని కింద, అందంగా, 'తొట్లె పాటలు. పాడినవారు: ఈశ్వరమ్మ'.

"పోచయ్యా!" అని అరిచాను. "ఇదేమిటి?"

"నాకేమెరుక సారూ? జరసేపు మొఖమే పడ్డది. తర్వాత మనిషంతా పడ్డది. ఇప్పుడు మంచిగ పడుతున్నది అనుకున్న."

ఈశ్వరమ్మగారు పుస్తకాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. "గీడ రాసింది నా పేరేనా?"

"ఔ అత్తమ్మా" అంది టీచరు నేల చూస్తూ.

"అయితే గీమె నేనా?"

సేఠ్ లెక్కల పుస్తకంలో తల దూర్చాడు.

"కొడుకా, నన్నే అడుగుతున్న. గీమె నేనా?"

"కాదమ్మా. పాటంటే... ఆడవాళ్ళు పాడుతున్నారంటే... జనానికి కొంచెం ఆకర్షణగా..."

"పాడేది దేనితోని?"

"గొంతుతో."

"మరి గొంతు యాడుంది గీ బొమ్మల? మెడ దిక్కు చూస్తలేదు ఎవ్వడు." ఆవిడ కర్రతో నేలను కొట్టింది. "సరే. గిట్ల నిలబడే పాడుతరేమో, నాకు తెల్వకపాయె. ఏదీ, నువ్వు నిలబడి పాడు."

"నేనా?"

"ఔ. సేఠూ, గా గ్లాసియ్యి."

సేఠ్ క్షణం ఆలస్యం చేయకుండా టీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. ద్రోహి. టీచరు పుస్తకం తెరిచి మొదటి పాట పట్టుకుంది. పోచయ్య మిషను ఆపి, స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

నేను ఒక చేయి నడుము మీద పెట్టాను.

"ఇంకా వంగాలె. బొమ్మల ఎనకకు తిరిగుంది."

తిరిగాను.

"కన్ను?"

సగం మూశాను.

"పాడు."

నోరు తెరిచాను. మెలితిప్పిన నీళ్ళగొట్టంలోంచి నీళ్ళు వచ్చినంత గాలి వచ్చింది. "జో..." అన్నాను. రెండో జో రాలేదు. దాని బదులు నడుములో 'కటుక్కు'మని ఒక శబ్దం వచ్చింది. ఆసరా కోసం చేయి చాచాను. చేతికందింది అక్షరాల పెట్టె. అదీ నేనూ కలిసి నేలకు వచ్చాం. అ నుంచి క్ష దాకా తెలుగు భాష మొత్తం నా నెత్తిన కురిసింది.

ముందు నవ్వింది ఈశ్వరమ్మగారే. బోసినోటితో, కర్ర ఊగిపోయేలా నవ్వింది. టీచరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను పడుకునే క్షమాపణ అడిగాను. వంగి అడుగుదామంటే నడుము ఒప్పుకోలేదు.

"బొమ్మ వద్దు కొడుకా. ఉత్త అట్టనే ఎయ్యి" అంది ఆవిడ.

ఉత్త అట్ట వేయలేదు. గురువారం, ఒక చేత్తో నడుము పట్టుకుని, గోడపోస్టర్లకు వాడే పెద్ద చెక్క అక్షరాలు దించాను. అప్పటిదాకా హీరోల పేర్లకు తప్ప వాటిని వాడలేదు. అట్ట నిండా ఒకే మాట: ఈశ్వరమ్మ. కింద చిన్నగా, తొట్లె పాటలు. పుస్తకాలు వెనక్కి తెప్పించి, పాత అట్టలు పీకి కొత్తవి కుట్టి, శుక్రవారం పొద్దున నేనే మోసుకెళ్ళి ఇచ్చాను.

చదువు రాని ఆవిడ అక్షరాల మీద వేలు పెట్టి, "గిదేంది గింత పెద్దగున్నది?" అంది.

"నీ పేరు అత్తమ్మా."

ఆవిడ చాలాసేపు ఆ వేలు తీయలేదు. తర్వాత కోడలితో, "నోటుబుక్కు తే. ఇంకొకటి యాదికొచ్చింది" అంది. నేను వెనక్కి తిరిగి, కంట్లో ఏదో పడ్డట్టు తుడుచుకున్నాను. సిరా చేతితో. ఆ రోజంతా నా మొహం తప్పుగా అచ్చుపడ్డ అట్టలాగే ఉంది.

పాత అట్టలన్నీ నీళ్ళపొయ్యిలోకి పోయాయి, ఒక్కటి తప్ప. అది ఈశ్వరమ్మగారు దాచుకుంది. ఎందుకమ్మా అని అడిగాను.

"మా ముసలాయన పటం పక్కన పెడుత. నలభై ఏండ్లు పాడిన, ఒక్కనాడు ఇనలె. గీ బొమ్మ చూసన్న ఇంటడేమో!"

ఆ మాట నన్నే అన్నట్టు తగిలింది. అన్నది నన్నే అయ్యుండాలి.

కాబట్టి, చదువుతున్న పెద్దలారా, నేల మీది అక్షరాలు మూడు రోజులు ఏరిన ఈ వేళ్ళ సాక్షిగా, నాంపల్లి స్టేషను గడియారం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పాట పాడే ఆడమనిషి కనబడితే ముందు కళ్ళు మూసుకుంటాను. రెండూ పూర్తిగా. పాట అయ్యాకే తెరుస్తాను. ఎప్పుడైనా తెర మీద ఎవరో అమ్మాయిని జిలేబీలా చుట్టి, దాన్ని పాట అంటే నా కళ్ళు మాట తప్పవచ్చుగాక, నా నడుము తప్పదు. ఠక్కున పట్టేస్తుంది.