మానేరుల పడ్డ మా అత్త పొత్రం

రోజు లుంగీ మీద అచ్చేటోన్ని, ఇయ్యాల సాంచెల మీద బట్ట నేసేటందుకు ప్యాంటేసుకొని అచ్చుడేందని పొద్దటిసంది అందరు అడుగుతున్నరు గదా. చెప్త. చాయ్ తాగుకుంట వినుండ్రి. మధ్యల మాత్రం నవ్వొద్దు, నవ్వితే ఆపేస్త.

మొన్న మిరుగం నాడు, గదే మృగశిర కార్తె సొచ్చిననాడు, నేను చేపలకు పోయిన. మిరుగం నాడు చేప తినకుంటే మన దిక్కు ఊరుకుంటరా? పోయిన గని చేప దొరకలే. అది పెద్ద ముచ్చట గాదు. ఇంట్లకెళ్లి తీస్కపోయిన వస్తువును గూడ నీళ్లల్ల ఏసి అచ్చిన! ఏం వస్తువు? మా అత్త పొత్రం.

మీకు ఎరుకే గదా, బండ మీద మసాలా నూరే నల్ల రాయి. నాకు పిల్లనిచ్చిన మామ వాళ్ల ఊరు మానేరు డ్యామ్ నీళ్లల్ల మునిగింది. ఇల్లు ఖాళీ చేసిననాడు అందరు బీరువాలు, మంచాలు ట్రాక్టర్ ఎక్కిస్తుంటే మా అత్త ఆ పొత్రాన్ని ఒళ్లె పెట్టుకొని గడప మీద కూసుందట. "మీరు పోండ్రి, నేను సగం ఈడనే ఉంట" అని ఏడ్చిందట. అత్త పోయి మూడేండ్లాయె. అప్పటిసంది మామ తంగళ్ళపల్లిల మా ఇంట్లనే ఉంటడు. ఏడాదంత మాకు మిక్సీనే. గని మిరుగం నాడు మాత్రం చేపల కూరకు మసాలా అత్త పొత్రంతోనే నూరాలె. నా భార్య సుజాత నూరుతది, మామ మంచం మీద కూసొని ఆ సప్పుడు ఇంటడు. గది ఇన్నంకనే ఆయనకు మిరుగం అచ్చినట్టు. మామకు కండ్లు సరిగ కనబడవు. చెవులు మాత్రం పాము చెవులు!

ఇగ ఈ కథల నన్ను ముంచిన మొనగాడు మా సడ్డకుడు గంగాధర్. సుజాత చెల్లె మొగుడు, ఉండేది కోరుట్ల. మస్కట్‌కెళ్లి నెల సెలవు మీద అచ్చిండు. అందరు మస్కట్‌కెళ్లి సెంటు సీసాలు తెస్తరు, బ్లాంకెట్లు తెస్తరు. గీయన ఏం తెచ్చిండో తెలుసా? పడవ! కయాకట. గాలి ఊదితే ఉబ్బుతది, గాలి తీస్తే సంచిల పడుతది. ఆడ సాబు ఒకాయన పాతది ఇచ్చిండట. కోరుట్లల బస్సెక్కి, జగిత్యాలల బస్సు మారి, దాన్ని ఒళ్లె పెట్టుకొని మిరుగం ముందటి రోజు మా ఇంట్ల దిగిండు.

దిగంగనే ఫోన్ తీసి వీడియో పెట్టిండు. ఎవరో తెల్లాయన కయాక్ మీద కూసొని ట్రౌట్ అనే చేపలు పడుతున్నడు.

"అన్నా, ఎండలకు పెద్ద చేప పైన ఉండదే. సల్లగుంటదని అడుగున పంటది. మన గాలం గూడ ఆడిదాక పోవాలె. గందుకే డౌన్‌రిగ్గర్" అన్నడు.

"గదేంది?"

"ఒక తాడుకు బరువు కట్టి అడుగుదాక దించాలె. మన గాలం దారాన్ని గా తాడుకు క్లిప్పుతోటి పెట్టాలె. పడవ మెల్లగ పోతుంటే గాలం అడుగున ఈదుకుంట అస్తది. చేప పట్టంగనే క్లిప్పు ఇడుస్తది, దారం మన చేతికి అస్తది. ఇగ గుంజుడే!"

"మరి మానేరుల ట్రౌట్ ఉంటదా?"

"ట్రౌట్ లేకుంటే వాలుగ ఉంటది అన్నా. ఏది పడితే ఏంది, మామకు మిరుగం చేప మనం పట్టి తెచ్చినట్టుంటది."

గా మాటకు నేను పడిపోయిన. అల్లుడు తన చేతులతోటి చేప పట్టి తెచ్చిండని మామ పదిమందికి చెప్పుకుంటడని ఆశ పుట్టింది. సుజాత బట్టలారేసే క్లిప్పొకటి తీసిన. సాంచెల షెడ్డుల పనికిరాక పడ్డ, నూలు చుట్టే పాత బాబిన్ ఇంట్లనే ఉండె, దానికి నైలాన్ తాడు చుట్టిన. అన్ని కుదిరినయి, బరువే లేదు. సాంచెకు ఏలాడేసే ఇనుప బరువు తెద్దామంటే పండుగని షెడ్డుకు తాళం. పొద్దుగాల అయిదింటికి ఇల్లంత ఎతికినం. గంగాధర్ ఇటుక పెళ్ల చూపెట్టిండు. నాకు మాత్రం వంటింటి మూలకు పొత్రం కనబడ్డది. రొండు కిలోలుంటది. పొడుగ్గ, గుండ్రంగ, నున్నగ, డౌన్‌రిగ్గర్ కోసమే చెక్కినట్టున్నది!

"అన్నా, వద్దే. అది అత్తమ్మది" అన్నడు గంగాధర్.

"అరే తమ్మీ, మసాలా నూరేది పన్నెండింటికి. మనం తొమ్మిదింటికి ఇంట్ల ఉంటం. ఎవలికి తెలుస్తది?"

ఇగో, ఈ మాట అన్నది నేనే. గంగాధర్ మీద ఏసేది లేదు.

డ్యామ్ నీళ్లు నిలిచిన మానేరు ఒడ్డుకు పోయి కాలుతోటి తొక్కే పంపుతోటి గాలి కొట్టినం. కయాక్ పసుపుపచ్చగ ఉబ్బింది. థర్మాకోల్ తెప్ప మీద వల తీస్తున్న ఒక పెద్దాయన చూసి, "ఓ అన్నా, గదేంది, అరటిపండు ఏసుకొని అచ్చినవ్?" అన్నడు. నేను పట్టించుకోలే. నీళ్లల్ల తేలే మస్కట్ జాకెట్ ఒక్కటే ఉన్నది, అది గంగాధర్ తొడుక్కున్నడు. నాకు ఈత రాదు. నేను రొండు ఖాళీ నూనె డబ్బాలు నడుముకు కట్టుకున్న. కింద లుంగీ, పైన డబ్బాలు. ఫోటో లేదు, అడుగకుండ్రి.

ఒడ్డు మీదనే పొత్రానికి తాడు రొండు సుట్లు చుట్టి ముడేసిన. గంగాధర్ అనుమానంగ చూసిండు.

"అన్నా, ఊడదు గదా?"

"తమ్మీ, ఇరవై ఏడేండ్లసంది సాంచె నడిపిస్తున్న. దినాం ఎన్ని పోగులు తెగుతయో, ఎన్ని ముడులేస్తనో లెక్కలేదు. నేనేసిన ముడి ఊడిందని ఒక్కడు అనలే!"

నిజమే, అనలే. గని నేనేసింది ఏ ముడి? చేతులకు అలవాటైన నేత ముడి. మన ముడి ఎట్లుంటది? చిన్నగ, సన్నగ, బట్టల కనబడకుండ. పోగుకు పోగు కలిపే ముడి. దాన్ని తీస్కపోయి నైలాన్ తాడుకు, నూనె మసాలాలు తాగి నున్నగైన రొండు కిలోల రాయికి ఏసిన. చెయ్యి ఏసుకుంటపోయింది, నేను చూసుకుంటపోయిన.

నీళ్లల్లకు దిగినం. మొదటి పావుగంట ఉన్న కాడనే గుండ్రంగ తిరిగినం. ఎందుకంటే ఆయన ముందటికి తెడ్డేస్తుండు, నేను భయానికి ఎనుకకు ఏస్తున్న. మెల్లగ కుదిరి లోపటికి పోయినంక నీళ్లల్ల రొండు ఎండిన తాటిమొద్దులు కనబడ్డయి. మట్టలు లేవు, తలలు లేవు. ఒకటి నిలువుగ ఉన్నది, ఒకటి ముసలోని నడుము లెక్క ఒంగి ఉన్నది. "ఈడ లోతుంటది అన్నా, దించు" అన్నడు గంగాధర్. క్లిప్పుకు గాలం దారం పెట్టి పొత్రాన్ని దించిన. అత్త ముఖం యాదికచ్చింది గని, తొమ్మిదింటికి ఇంట్ల ఉంటం గదా అనుకున్న.

ఒక అర్ధగంట ఏం లేదు. ఆ ఎనుక పడవ టక్కున ఆగింది.

"పెద్దది పడ్డదన్నా!" అని గంగాధర్ ఒర్లిండు.

చేప గాదు. పొత్రం అడుగున దేనిలనో ఇరికింది. గోడనో, గట్టో. నేను గుంజిన, రాలే. ఇద్దరం గుంజినం, పడవ పక్కకు ఒరిగింది. నా డబ్బాలు చెవుల దాక లేసినయి. "దేవుడా మల్లన్నా, నీకు మొక్కుత, ఆ రాయి ఇయ్యి" అని మొక్కి ఒక్కసారి బలంగ గుంజిన. సర్రున తాడు పైకచ్చింది. ఎంత అల్కగ అచ్చిందంటే నేను ఎల్లెలకల పడ్డ. తాడు కొస నా ముందల ఆడుతున్నది. ముడి లేదు. పొత్రం లేదు.

నేను ఇంక నోరు మూయలే, గాలం ఎగిరచ్చి నా లుంగీకి పట్టింది. నా ముందల కూసున్న గంగాధర్‌కు నేను కనబడుతలేను. ఆయన చేతిల ఉన్న గాలం దారం మాత్రం బరువైంది. "ఇగ పడ్డదన్నా! ఇగ నిజంగ పడ్డది!" అని బలమంత పెట్టి గుంజిండు. ఆ లుంగీ ముడి గూడ నేనేసిందే గదా, అది గూడ ఊడింది. పువ్వుల లుంగీ నీళ్లల్ల తేలుకుంట పోయి గంగాధర్ దగ్గర తేలింది. ఆ తెప్ప మీది పెద్దాయన వల ఇడిసిపెట్టి నవ్వుడు! లోపట నిక్కరున్నదయ్యా, నవ్వకుండ్రి!

నాకు మాత్రం నవ్వు రాలే. ఒక గంట ఆ మొద్దుల సుట్టు తిరిగినం. అడుగు కనబడదు, ఈత రాదు, ఏం జేస్తం? అత్త ఒళ్లె పెట్టుకొని మోసుకచ్చిన రాయి. మామకు ఇంటి గుర్తు, మనిషి గుర్తు అదొక్కటే. నేను షోకుకు పోయి పోగొట్టిన.

ఇగ తప్పు చేసినోని బుద్ధి ఎట్లుంటది? దాన్ని దాసేటందుకు ఇంకో తప్పు చేస్తది. ఆ పెద్దాయన కాడనే రవ్వ చేప కొన్న. సిరిసిల్లల రోళ్లమ్మేటామె దగ్గర కొత్త పొత్రం కొన్న. తొవ్వ పొంటి గంగాధర్ దానికి నూనె రాస్తనే ఉన్నడు, పసుపు పూస్తనే ఉన్నడు, పాతదాని లెక్క కనబడాలని. పదకొండున్నరకు ఇంటికచ్చి సప్పుడు చేయకుండ మూలకు పెట్టిన.

సుజాత అల్లం, ఎల్లిగడ్డ, దనియాలు బండ మీద ఏసింది. పొత్రం చేతికి తీసుకున్నది. ఒక్కసారి నా దిక్కు చూసింది. నూరుడు షురూ చేసింది. నేను, గంగాధర్ గోడకు అతుక్కొని నిలబడ్డం.

మంచం మీద మామ మెడ తిప్పిండు.

"బిడ్డా, ఆపు."

సుజాత ఆపింది.

"గది మీ అమ్మ రాయి సప్పుడు గాదు."

"ఏమో బాపూ, మీ అల్లున్నే అడుగు" అన్నది సుజాత. నా తడి లుంగీని ఆమె అప్పటికే చూసింది.

ఇంక దాసేది ఏమున్నది? మామ కాళ్లకాడ కూసొని అంత చెప్పిన. కయాక్, క్లిప్పు, ముడి, అన్ని. "మామా, తప్పయింది. చేప పట్టి నీకు పెట్టాలని పోయిన. అత్త రాయి పోగొట్టిన" అన్న. సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"ఏ కాడ పడ్డది?" అన్నడు మామ.

"ఏం జెప్పాలె మామా, అంత నీళ్లే. రొండు తాటిమొద్దులున్నయి, గా నడుమ."

"ఒకటి నిలువుగ, ఒకటి తూరుపుకు ఒంగి ఉన్నదా?"

"అవ్ మామా."

మామ లేసి కూసున్నడు. మా మామ కల్లు గీసేటందుకు నలభై ఏండ్లు తాళ్లెక్కిన మనిషి. కండ్లు పోయినా చెట్లు పోలే.

"అవి మనయే గదనే బిడ్డా! మన ఇంటెనుక తాళ్లు! ఒంగినదాని కిందనే మీ అమ్మ బండేసుకొని నూరేది" అన్నడు. కండ్లల్ల నీళ్లు, పెదాల మీద నవ్వు. "సగం ఈడనే ఉంట అన్నదిరా. అన్నట్టే ఉన్నది. కండ్లు లేని నాకు తొవ్వ దొరుకదని, రాయిని అల్లుని చేతికిచ్చి పంపిచ్చుకున్నది."

సుజాత ఏడ్చింది. నేను ఏడ్చిన. గంగాధర్ అందరికంటే ఎక్కువ ఏడ్చిండు, పసుపు చేతులతోటి కండ్లు తుడుసుకొని ఇంకింత ఏడ్చిండు. బండ మా ఇంట్ల, పొత్రం ఆడ. ఇప్పుడు రొండిళ్లల్ల మా అత్త ఉన్నది.

అంతటితోటి అయిపోయిందనుకున్న. కాలే. మామ కండ్లు తుడుసుకొని, "గని అల్లుడా, ముడి ఎట్లేసినవ్?" అన్నడు. మంచం కిందికెళ్లి తాళ్లెక్కే మోకు గుంజిండు. "నలభై ఏండ్లు నా పానం దీని ముడి మీద ఏలాడింది. కూసోండ్రి ఇద్దరు." చేప పొయ్యి మీద ఉడుకుతున్నది, ఆకలి దంచుతున్నది, ఇద్దరల్లుళ్లం కింద కూసొని కొత్త పొత్రానికి మోకు ముడులేస్తున్నం. మామ చేతితోటి తడిమి చూసుడు, "ఊడుతది, మల్ల ఎయ్యి" అనుడు. కూర సల్లారినంక అన్నం పెట్టిచ్చిండు. గని ఆ కూర రుచి వేరు, కొత్త పొత్రం మసాలానే అయినా సరే.

గంగాధర్ కోరుట్ల పోయిండు. నేను యాడ పోత? దినాం డ్యూటీకి ఎళ్తుంటే మామ మంచం మీదికెళ్లి పిలుస్తడు: "అల్లుడా, ఇటు రా. లుంగీ ముడి నీదేనా? ఒకసారి చెయ్యి పెట్టి చూడనియ్యి."

గందుకే ఇయ్యాల ప్యాంటేసిన. బెల్టు గూడ పెట్టుకున్న. బెల్టుకు బకిలుంటది, నా ముడితోటి పని లేదు.