మార్తమ్మ చెప్పిన సున్నా

1984. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. మానని నొప్పులను కొలిచే ఒక ఇంగ్లీషు ప్రశ్నావళిని మా డాక్టరుగారు తెలుగు చేయించారు. ఆ తెలుగు పనికొస్తుందో లేదో తేల్చే పనిని వ్యాలిడేషన్ అంటారు. అందులో రీటెస్ట్ ఒకటి. రెండు వారాలాగి అదే మనిషిని అవే ప్రశ్నలు అడగాలి. జబ్బు మారకపోతే జవాబులూ మారకూడదు. మనం మాట అందించకూడదు. స్కోర్ ఎక్కువొచ్చినవాళ్లను కర్నూలు ఎముకల డాక్టరుకు చూపిద్దామన్నారు.

ఆళ్లగడ్డలో మార్తమ్మ వరి కలుపుకు పోయే మనిషి. నడుము నొప్పి ఏళ్ల తరబడిది. పదికి ఎంత అని మొదటిసారి అడిగితే, "తొమ్మిదేసుకో సిస్టరమ్మా. పది సచ్చేటోళ్లకు ఉండనీ" అంది. ఆ తూకం నాకు నచ్చింది.

రెండోసారి వెళ్లేసరికి ద్వారబంధం పట్టుకుని, పళ్లు బిగించి లేచింది.

"ఇప్పుడెంత?"

"సున్నా."

"వంగేటప్పుడు?"

"సున్నానే."

నాకు చిరాకేసింది. ఈ లెక్కన కర్నూలు ఆమెకు అందదు. ప్రశ్నలన్నీ అయ్యాక కాగితాలు సంచిలో పెట్టేసి, "ఏమైంది మార్తమ్మా?" అన్నాను.

"పోయిన ఆదివారం చర్చిలో నాకోసం ప్రార్థన చేసినారు. ఆ పొద్దు తేలికైంది. నొప్పి పోయిందని అందరి ముందరా లేసి సాక్ష్యం చెప్పినా. మళ్లా ఉందంటే దేవునికి చెడ్డపేరు గదమ్మా."

"మరి కర్నూలుకు పంపితే పోతావా?"

"యాల పోను? బస్సు యాడ ఎక్కల్లో చెప్పు. నొప్పి మాత్రం లేదు."

నవ్వొచ్చింది, జాలీ వేసింది. సున్నాను దిద్దే హక్కు నాకు లేదు. అలాగే డాక్టరుగారికిచ్చి, ఆమెను మాత్రం కర్నూలు పంపమన్నాను.

"సున్నాకు ఎముకల డాక్టరెందుకు సిస్టర్?"

"సున్నా దేవుడి పరువుకండీ. డాక్టరు ఆమె నడుముకు."

చర్చిలో సాక్ష్యం సంగతి చెప్పాను. ఆయన కర్నూలుకు చీటీ రాసిచ్చారు. అప్పటినుంచి రీటెస్టుకు ఎవరింటికి వెళ్లినా, ఈమధ్య తమ నొప్పి గురించి ఎవరితో ఏమన్నారో కూడా కనుక్కునేదాన్ని. నొప్పి ఒంట్లోదే, చెప్పుకునేది మాత్రం నలుగురి మధ్య. ఈ సంగతి మా ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

కొన్ని నెలల తర్వాత మార్తమ్మ ఆళ్లగడ్డ బస్టాండులో కనిపించింది. నడుముకు కర్నూలు డాక్టరిచ్చిన బెల్టు.

"ఎంతుంది?" అన్నాను.

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"మూడు. అది గూడా పోతే, నా సాక్ష్యం నిజమైతాది."