చెంబు మీద గోటి చప్పుడు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. సౌండ్ రికార్డు చేసేవాళ్ళకి ఆ సరదా కుదరదు కూడా. చప్పుడు వినపడితే అది ఏసీదా, పక్కింటి మిక్సీదా అని వెతికి నోరు మూయించడమే మా ఉద్యోగం.

కిందటేడాది, ఎనభై ఏళ్ళనాటి సింగపూర్ యుద్ధం మీద, అందులో బతికి బయటపడ్డవాళ్ళ మీద తీసిన డాక్యుమెంటరీకి పనిచేశాను. సైన్స్ పార్క్ వెనక గుట్ట మీద ఆఖరి రోజుల్లో ఘోరమైన పోరు జరిగింది. ఆ గుట్ట కిందే సూరమ్మగారిని కూర్చోబెట్టాం. వాళ్ళ నాన్న కూలిపనికి మలయా నుంచి వచ్చాడట. తొంభై దాటినా ఆవిడ ఇక్కడ అందరికీ ఆంటీయే. చెవులు సరిగా వినపడవు, పక్కన కూర్చుని గట్టిగా చెప్పాలి.

ఆవిడ చెప్పింది ఇదీ. ఫిరంగి గుండ్లు పడుతుంటే తల్లీపిల్లలు రోడ్డు కింద తూములో దాక్కున్నారు. దాహమని ఈవిడ ఏడిస్తే అన్న చెంబు పట్టుకుని నీళ్ళకు వెళ్ళాడు. ఈలోగా శత్రు సైనికులు దగ్గరికొచ్చేశారు. తల్లి మిగతా పిల్లల్ని లాక్కుని పారిపోయింది. అన్న మళ్ళీ కనపడలేదు.

"నాను ఏడిసేననే ఎల్లేడమ్మా. తిరిగొచ్చేడో, దారిలోనే పోయేడో... అదొక్కటీ తెలిస్తే సాలు," అన్నారు.

హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాలనిపించింది, కానీ ఆ వీలు లేదు.

మాటలయ్యాక ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా కాసేపు రికార్డు చేస్తాం, ఎడిటింగులో అతుకులు వేయడానికి. అందరూ కదలకుండా నిలబడ్డారు. అప్పుడు వినపడింది. చెంబు మీద గోటితో కొట్టిన చప్పుడు. మెల్లగా, ఆగి ఆగి.

చుట్టూ చూశాను. మా దగ్గరున్నవన్నీ ప్లాస్టిక్ సీసాలే. మా చైనీస్ డైరెక్టరుకీ వినపడింది. "పైప్ లాహ్," అని, ఏదో నీళ్ళ పైపేనని ఇక్కడి యాసలో కొట్టిపారేశాడు.

సూరమ్మగారు నా మొహం చూసి ఏమిటని అడిగారు. చెంబు చప్పుడని చెప్పాను. ఆవిడ చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది.

వెళ్ళేముందు అన్నకు తల్లి ఒక మాట చెప్పిందట. వచ్చాక పేరు పెట్టి పిలవకు, చెంబు మీద గోటితో కొట్టు, నువ్వేనని తెలుస్తుంది అని. ఈ సంగతి ఆవిడ కెమెరాకు చెప్పలేదు. అసలు ఎవరికీ చెప్పలేదట.

హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు పెట్టి, రికార్డయినది వినిపించాను. సౌండ్ ఎంత పెంచినా ఆవిడకు ఏమీ వినపడలేదు. తీసి నా చేతికిచ్చారు.

"నువ్వే ఇనమ్మా. నిండు సెంబా, కాళీదా?"

మళ్ళీ విన్నాను. ఖాళీ చెంబైతే ఖంగుమంటుంది. ఇది మోగలేదు, మొద్దుగా ఉంది.

"నిండుదే, ఆంటీ."

"అయితే తెచ్చీసేడు," అన్నారు. "మేవే లేం," అని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ వయసు మనిషి అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత రెండుసార్లు అక్కడికి వెళ్ళి వెతికాను. పైపులేమీ లేవు. సెంగ్‌కాంగ్‌లో మా ఫ్లాట్‌లో కూర్చుని విన్నా ఆ ఫైల్లో చప్పుడు అలాగే ఉంది. పెద్దావిడని ఓదార్చడానికి అలా చెప్పి ఉంటావు అంటారు మా ఆయన.

అది ఎక్కడి చప్పుడో ఇప్పటికీ నాకు తెలియదు. చెంబు మాత్రం నిండుదే.