కొబ్బరిపొట్టులో కళ్లు

తడిసిన కొబ్బరిపొట్టు వాసన తగిలితే నా మెడ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టుంటుంది. మొన్న కూడా నర్సరీకి వెళ్లి మొక్క కొనకుండానే తిరిగొచ్చాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. జనగామ కాలేజీలో మాకు జంతుశాస్త్రం చెప్పిన విమల మేడం చేపగుడ్లను అలాంటి పొట్టులోనే దాచేది.

ఆఫ్రికా వానడవుల బురదగుంటల చేపలవి. చిటికెనవేలంత కూడా ఉండవు. గుంటలు ఎండిపోతే వాటి గుడ్లు మళ్లీ వానలు పడేదాకా తేమ మట్టిలోనే బతికి ఉంటాయి. అడవులు కొట్టి గుంటలు పూడుస్తుంటే అక్కడ అంతరించిపోతున్నాయని, చేతులు మారుతూ తనదాకా వచ్చాయని చెప్పేది. తెలంగాణ కోసం బందులు సాగుతున్న రోజులు. కాలేజీ మూతపడింది, తొట్టిలోని చివరి జంట చచ్చిపోయింది. ఇక మిగిలింది ఒక డబ్బాలోని గుడ్లే. మేడం భూతద్దం ఇచ్చింది. ఆవగింజంత గుడ్డులో బంగారు అంచున్న రెండు నల్లటి కళ్లు నావైపు తిరిగాయి. భూతద్దం వెంటనే తిరిగిచ్చేశాను.

"పుట్టకముందే చూస్తయి. నీళ్లు పోస్తే బయటికొస్తయి. నేను చెప్పేదాంక నీళ్లు పొయ్యకు బిడ్డా" అని డబ్బా నాకప్పగించి, మేడం సొంతూరు చిట్యాలకు పోయింది.

జఫర్‌గఢ్ దగ్గర మా లంబాడీ తండాలో అప్పుడు తీజ్ పండుగ. నాలాంటి పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. ఆ రోజుల్లో మా ఇంట్లో నీచు ముట్టరు. చేపగుడ్లంటే అమ్మ గడప దాటనివ్వదని భయపడి, మేడం ఇచ్చిన మంచి మన్ను అని చెప్పాను. డబ్బా గూట్లో పెట్టి, జనగామ దీక్షా శిబిరంలో కూర్చోవడానికి వెళ్లిపోయాను.

నాలుగో రోజు తిరిగొచ్చేసరికి గూడు ఖాళీ. మంచి మన్ను కదా అని అమ్మ దాన్ని నా బుట్టలో కలిపి, నా బదులు చెల్లెలితో మూడుపూటలా నీళ్లు పోయించింది. గోధుమ మొలకలు నిగనిగలాడుతున్నాయి. వేళ్ల మధ్య వెతికాను. వెంట్రుక ముక్కల్లాంటి చేపపిల్లలు చచ్చి అంటుకుని ఉన్నాయి. ఒళ్లు సరిగా కనబడటం లేదు, కళ్లు మాత్రం కనబడుతున్నాయి. బయట పిల్లలు తీజ్ పాటలు పాడుతున్నారు. ఆ బుట్ట పక్కన నిలబడలేకపోయాను.

నా కబురందుకుని మేడం తండాకే వచ్చింది. బుట్టను చాలాసేపు చూసింది. నేను ఏడుస్తూ కాళ్లమీద పడబోతే ఆపి, "నాకు గాదు. మీ అమ్మ చేతుల ఏం పెట్టినవో ఆమెకు చెప్పు" అంది.

చెప్పాను. అమ్మ బుట్టను ఒళ్లో పెట్టుకుని మొలకల మధ్య వేలితో వెతికింది. తర్వాత మేడంకు కూడా అర్థం కావాలని మా లంబాడీ మాటలో కాక తెలుగులోనే అంది: "పాణమున్నయని ఒక్కమాట చెప్తే, పండుగ పక్కకు పెట్టి కాపాడుతుంటి గద బిడ్డా."

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. ఎవరి చేతిలో ఏది పెట్టినా, అదేమిటో ఉన్నదున్నట్టు చెప్పే పెడతాను. అది మేడం నేర్పింది. అమ్మకు చెప్పినా అర్థం కాదని నాకు నేనే అనేసుకున్నానన్న సిగ్గు మాత్రం ఇంకా నన్ను వదల్లేదు.