ఎడమవైపు హ్యాండిల్

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. విజయనగరంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని నేను. చాలా ఏళ్ళు రాత్రి డ్యూటీలు చేశాను. పోయినవాళ్ళ కళ్ళు మూసి, దుప్పటి కప్పి, అదే వార్డులో కూర్చుని టీ తాగిన రోజులున్నాయి. కొత్తగా చేరిన అమ్మాయిలు చివరి మంచం దగ్గర ఏదో కదిలిందని వణుకుతూ వస్తే, టార్చి పట్టుకెళ్ళి పిల్లినో, గాలికి ఊగే కర్టెన్‌నో చూపించి వచ్చేదాన్ని. మనిషి పోవడమంటే ఏమిటో దగ్గర్నుంచి చూశాను. పోయినవాళ్ళు పోయినట్టే.

ఇందులో కూడా నేను కళ్ళతో చూసిందేమీ లేదు. చూసింది వేరేవాళ్ళు. అయినా ఇది జరిగింది నాకే.

మా ఇల్లు కోటకు దగ్గర్లో, పాత వీధిలో ఉంది. మా ఆయన జూట్ మిల్లులో పనిచేసే రోజుల్లో కొన్నాం. ముందు రెండు గదులు, వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు, పెరటి చివర బాత్‌రూము. బాత్‌రూముకి పైన సిమెంటు రేకు, కింద నాపరాళ్ళు, మూలన నీళ్ళ తొట్టి. మాకు పిల్లల్లేరు. ఇద్దరికీ ఆ మాత్రం చాలనుకున్నాం. ఒకరోజు పొద్దున్న మిల్లుకి బయల్దేరబోతూ గుండెలో నొప్పన్నారు. నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళాను. మధ్యాహ్నానికల్లా పోయారు.

తర్వాత మూడేళ్ళకి హుద్‌హుద్ తుఫాను వచ్చింది. బాత్‌రూము రేకు ఎగిరి పక్కవాళ్ళ పెరట్లో పడింది. గోడ బీటలిచ్చింది. దాని మీద టార్పాలిన్ కట్టుకుని ఒక వానాకాలం నెట్టుకొచ్చాను. ఇక లాభం లేదనిపించి, మరుసటి ఏడు పీఎఫ్ లోను పెట్టాను. ఎలాగైనా లక్ష రూపాయల్లో పని పూర్తి కావాలి.

బాత్‌రూముకి ఇన్ని కావాలని అప్పుడే తెలిసింది నాకు. పైన స్లాబు వెయ్యాలి. తొట్టి పగలగొట్టి కొత్త పైపులు వెయ్యాలి. మోకాళ్ళు సహకరించడం లేదు కాబట్టి వెస్ట్రన్ కమోడ్ పెట్టాలి. టైల్స్, గీజరు, షవరు, వాష్‌బేసిన్. అన్నీ కలిపితే లక్ష దాటి ఎక్కడికో పోయింది. శ్రీకాకుళంలో ఉన్న మా అన్నయ్యకి ఫోన్ చేస్తే, "ఒక్కదానివి. అంత హంగు ఎందుకే నీకు? రేకు ఏయించుకుని కమోడు ఒకటి పెట్టించుకో, సాలు" అన్నాడు.

వాడు మంచికే అన్నాడు. కానీ 'ఒక్కదానివి' అన్న ఆ మాట పట్టుకునే నా లెక్క నడిచింది. ఒక్కదానికి గీజరెందుకు, పొయ్యి మీద కాచుకోవచ్చు. షవరెందుకు, బకెట్టుంది. గోడకి టైల్స్ నడుం ఎత్తు దాకా చాలు. పట్టుకునే స్టీలు హ్యాండిల్ కూడా తీసేశాను. తుంటి విరిగి వచ్చే ముసలివాళ్ళలో సగంమంది బాత్‌రూములో జారినవాళ్ళేనని రోజూ చూస్తూ కూడా తీసేశాను. నాకింకా అంత వయసు రాలేదనుకున్నాను.

టైల్స్ షాపులో అందరూ జంటలుగా వచ్చారు. ఒకావిడ నీలం అంటే వాళ్ళాయన గోధుమరంగు అంటున్నాడు. ఇద్దరూ అక్కడే చిన్నగా గొడవపడుతున్నారు. షాపతను నాకు రెండు రకాలు చూపించి, "కావాలంటే ఫొటో తీసుకెళ్ళి సార్‌కి చూపించండి మేడమ్" అన్నాడు. బొట్టూ గాజులూ నేను తీయలేదు. అందుకే అలా అనుకున్నాడు. అవసరం లేదని చెప్పి, చేతికి దగ్గరగా ఉన్నదేదో తీసుకుని వచ్చేశాను.

పని తవుడు మేస్త్రికి ఇచ్చాను. ఆమదాలవలస అవతల ఏదో పల్లె అతనిది. విజయనగరంలో అపార్ట్‌మెంటు పనికి వచ్చి, అది ఆగిపోతే చిన్న పనులు చూసుకుంటున్నాడు. భార్య నూకాలు ఇసక మోసేది, సిమెంటు కలిపేది. ఈ ఊళ్ళో వాళ్ళకి ఎవరూ తెలియదు. నా సంగతులు వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు.

నాకప్పుడు మార్నింగ్ డ్యూటీ. వంటింటి తలుపుకి లోపల గడియ పెట్టి, వీధి తలుపుకి తాళం వేసుకుని వెళ్ళేదాన్ని. వాళ్ళు సందువైపు గేటు తీసుకుని పెరట్లోకి వచ్చేవారు. ఇంటితో వాళ్ళకి పనే లేదు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఇద్దరూ గోడ నీడలో కూర్చుని ఒకే టిఫిన్ గిన్నెలో తింటూ ఉండేవారు. వాళ్ళ మాటలు వినబడితే, ఇంట్లో మనుషులున్నారన్న ధైర్యం వచ్చేది నాకు. పని త్వరగా అయిపోకూడదని కూడా అనుకున్నాను.

టైల్స్ పని చివరికొచ్చిన రోజు నేను ఇంటికి వచ్చి చూస్తే, కమోడ్ పక్కన ఎడమ గోడకి మెరిసిపోతూ స్టీలు హ్యాండిల్ బిగించి ఉంది.

"ఇదేమిటి మేస్త్రీ? నేను వద్దన్నాను కదా" అన్నాను.

"సారు సెప్పినారు గదమ్మా."

"ఏ సారు?"

"మీ సారేనమ్మా. పొద్దున్న ఒంటింట్లోంచి పెరట్లోకొచ్చినారు. పని సూసి, పట్టుకునే కాడ లేదేటని అడిగినారు. అమ్మగారు వొద్దన్నారని సెప్తే, కాదు ఎయ్యి, డబ్బులు ఆవిడ ఇస్తాదన్నారు. నాను కుడి ఏపు ఎయ్యబోతే ఆరే సెయ్యెట్టి సూపించినారు. 'ఎడం పక్కన ఎయ్యి. జారితే ఆవిడకి ఎడం సెయ్యే ముందు ఎల్తాది' అన్నారు."

నా చేతిలో సంచి ఇంకా అలాగే ఉంది. కింద పెట్టాలని కూడా తోచలేదు.

నాది పుట్టుకతో ఎడమచేతివాటం. చిన్నప్పుడు మా అమ్మ కొట్టి కొట్టి మాన్పించింది. తింటే, రాస్తే, ఇంజెక్షన్ చేస్తే కుడిచేత్తోనే. నాతో ఏళ్ళ తరబడి పనిచేసిన నర్సులకి కూడా ఆ సంగతి తెలియదు. ఉలిక్కిపడితే మాత్రం ఎడమచెయ్యి తనంతట తనే లేస్తుంది. అది కనిపెట్టిన మనిషి మా ఆయన ఒక్కరే. స్కూటర్ గతుకులో పడినప్పుడల్లా ఆయన భుజాన్ని ఎడమచేత్తో పట్టుకునేదాన్ని. "మీ అమ్మ కొట్టి నేర్పింది కుడిచెయ్యికే అలవాటైంది, దీనికి కాలేదు" అని నవ్వేవారు.

వంటింట్లోకి వెళ్ళి చూశాను. పెరటి తలుపుకి నేను వేసిన గడియ వేసినట్టే ఉంది. వీధి తాళం ఇప్పుడే నా చేత్తో తీశాను. ఇంట్లో ఒక్క వస్తువు పోలేదు.

మేస్త్రి అదనంగా డబ్బులు లాగడానికి ఆడిన నాటకమనుకోవాలని గట్టిగా ప్రయత్నించాను. కానీ నా ఎడమచెయ్యి సంగతి అతనికి ఎవరు చెబుతారు? మా ఆయన లేరని ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. హ్యాండిల్ డబ్బులు చేతిలో పెట్టి, "సరే, మంచిది" అన్నాను. మరో నాలుగు రోజుల్లో పని ముగించుకుని వాళ్ళు తమ ఊరు వెళ్ళిపోయారు.

తర్వాత వారంలోనే నేను జారాను. కొత్త టైల్స్ మీద సబ్బునీళ్ళు. కాళ్ళు రెండూ ఒక్కసారి ముందుకు పోయాయి. నేను ఆలోచించే లోపే ఎడమచెయ్యి వెళ్ళి ఆ కడ్డీని పట్టుకుంది. భుజం పట్టేసింది, అంతకుమించి ఏమీ కాలేదు. అలాగే దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆయన పోయినరోజు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది.

ఇక నాకు అనుమానం లేకుండా పోయింది. ఆయనే. మూడునాలుగేళ్ళుగా ఆ ఇంట్లో నేను ఒంటరిదాన్ని కానేకాననిపించింది. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది కానీ, అప్పటి నా సంతోషం పట్టరానిది. కొట్టేసిన ఖర్చులన్నీ ఒక్కొక్కటే మళ్ళీ పెట్టాను. ఆయనకి వేన్నీళ్ళంటే ఇష్టం, గీజరు కొన్నాను. ఆయన ముఖం కనబడే ఎత్తులో అద్దం పెట్టించాను. ఆయనకన్నా నేను కాస్త పొడుగు, ఆ ఎత్తులో నాకు నుదురు సరిగ్గా కనబడదు. తువ్వాలు వేసుకునే రాడ్డు ఇంకొకటి కొట్టించాను. లక్ష దాటింది. అన్నయ్య ఫోన్లో "నీకేటైనా పిచ్చెక్కిందా?" అని కేకలేశాడు. ఆదివారం నెత్తళ్ళ చేపల కూర వండితే రెండు కంచాలు పెట్టాను. ఆసుపత్రిలో వాళ్ళు నేను బాగా తేరుకున్నానన్నారు.

కొన్నాళ్ళకి అది కూడా చాలలేదు. ఆయన ఎలా ఉన్నారో ఇంకా వినాలనిపించింది. చిక్కిపోయారా? ముఖం తేటగా ఉందా? చూసినవాళ్ళు ఇద్దరే ఉన్నారు లోకంలో. ఒక సెలవురోజు మా ఆయన ఫొటో హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని రైలెక్కాను. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, ఆటో మాట్లాడుకుని తవుడు ఊరు చేరాను.

నన్ను చూసి అతను కంగారుపడ్డాడు. "ఏటమ్మా, పనిలో ఏటైనా తేడా వొచ్చిందా? పోను సేస్తే నానే వొచ్చేద్దును గదా."

"పని బాగుంది. ఊరికే చూసి పోదామని వచ్చాను."

నూకాలు మంచం వాల్చి, "సారు బాగున్నారా అమ్మా?" అంది.

ఫొటో తీసి ఇచ్చాను. తవుడు దాన్ని వెలుగులోకి తీసుకెళ్ళి చూశాడు. నా ముఖం చూశాడు.

"ఈరెవులమ్మా?" అన్నాడు.

"మా ఆయన."

"కాదమ్మా. ఆ రోజొచ్చిన సారు ఈరు కాదు." నూకాలుకి ఇచ్చాడు. ఆమె కూడా తల అడ్డంగా ఊపింది.

"సరిగ్గా చూడండి. ఇది పాత ఫొటో. తర్వాత మనిషి కొంచెం మారారు."

"ఈరు పొట్టిగా, నిండుగా ఉన్నారు గదమ్మా. ఆయన పొడుగు, సన్నం. తలంతా తెలుపే. బుజం మీద తడి తువ్వాలు ఉన్నాది, అప్పుడే తానం సేసొచ్చినట్టు. నాను దాహమంటే లోనకెల్లి సెంబుతో నీలు తెచ్చిచ్చినారు" అంది నూకాలు.

చెంబు అనగానే నాకు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం మా వంటింటి చెంబు పెరట్లో మెట్టు మీద ఉంది. నేనే మరిచిపోయి ఉంటానని కడిగి లోపల పెట్టాను.

"మరి మీ సారు..." అని తవుడు ఆగిపోయాడు.

చెప్పాను. చెప్పాల్సిన రోజున చెప్పనిది, అక్కడ వాళ్ళ వాకిట్లో కూర్చుని చెప్పాను. నూకాలు వచ్చి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని, "ఎవులైతేనేటమ్మా, నీ మంచి కోరినోడే" అంది. అన్నం తినేదాకా వాళ్ళు నన్ను కదలనివ్వలేదు. తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఫొటో బ్యాగులోనే ఉంది, మళ్ళీ తీసి చూడలేదు.

ఆ తర్వాత నేను చేయగలిగిన వాకబులన్నీ చేశాను. మా నాన్న పొట్టి మనిషి, బట్టతల. మామగారిదీ ఆ పోలిక కాదు. ఇల్లు అమ్మినవాళ్ళలోగానీ, అంతకుముందు అద్దెకున్నవాళ్ళలోగానీ అలాంటి మనిషి లేడని, కాపురానికొచ్చినప్పటినుంచీ ఆ వీధిలోనే ఉన్న ఎదురింటి పెద్దావిడ చెప్పింది. దొంగేమోనని కూడా అనుకున్నాను. తాళం తీయకుండా వచ్చి, మంచినీళ్ళిచ్చి, హ్యాండిల్ ఎటు వెయ్యాలో చెప్పి, లోపల గడియ వేసి వెళ్ళిపోయే దొంగ ఉంటాడా?

అన్నయ్య అదంతా కట్టుకథ అంటాడు. "ఆడు హ్యాండిల్ మీద వందో రెండొందలో మిగుల్సుకున్నాడే, నువ్వు నమ్మీసావు." నేనూ అలాగే అనుకోగలిగితే బాగుండేది. కానీ అబద్ధమాడే మనిషైతే ఆ రోజు ఫొటో చూసి అవునని ఉండేవాడు. నేను ఏం వినాలని అంత దూరం వచ్చానో నా ముఖంలోనే తెలిసిపోతోంది. ఆ ఒక్కమాట అని ఉంటే నేను సంతోషంగా వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళు కాదన్నారు.

ఇది జరిగి కొన్నేళ్ళైంది. మళ్ళీ ఎవరూ కనబడలేదు, ఏమీ జరగలేదు. ఆ ఇంట్లోనే ఉంటున్నాను. ఎప్పుడూ భయం వేయలేదు. ఈ సంగతి విన్నవాళ్ళందరూ వచ్చినాయన ఎవరై ఉంటారని నన్నే అడుగుతారు. తెలియదంటాను. నిజంగానే తెలియదు. ఎవరో నా ఇంటికి వచ్చి, నేను ఎక్కడ పడతానో ఆలోచించి, నన్ను కాపాడి వెళ్ళారు.

మా ఆయన మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.