భుజం పక్కన గోదాము

ఒక అన్న తన చెల్లెలి నవ్వు కోసం తీసిన ఫొటోను, ఆమె గోదాముకు నిప్పు పెట్టిందనడానికి సాక్ష్యంగా చూపి, ఆమెను జైల్లో పెట్టారు. ఆ ఫొటో తప్ప ఆమెపై మరే ఆధారమూ లేదు.

అన్న ఫొటోగ్రాఫర్. చెప్పుల దుకాణం పైనున్న గదే అతని స్టూడియో. ఒక స్టూలు, బూడిదరంగు తెర, రెండు దీపాలు, వీధిని చివరిదాకా చూపించే కిటికీ. గుర్తింపు కార్డుల ఫొటోలతో రోజు గడిచేది కానీ, అతని ప్రాణమంతా దూరాన్ని దగ్గరకు లాగే పొడవాటి జూమ్ లెన్స్ మీదే ఉండేది. మొహం మీదికి కెమెరా తెస్తే ముక్కు లావై నవ్వు బిగుసుకుపోతుందనీ, దూరం జరిగి తీస్తేనే మనిషి మనిషిలా పడతాడనీ అతని పట్టుదల. "అది కెమెరానా, పొగగొట్టమా?" అని చెల్లెలు ఎగతాళి చేసేది.

చెల్లెలిది గోదాములో అట్టపెట్టెలు కట్టే పని. ఇల్లు ఎగిరిపోయేలా మాట్లాడే మనిషి, కెమెరా చూస్తే కొయ్యబారిపోయేది. ఇంట్లో ఉన్న ఆమె ఫొటోలన్నింటిలోనూ మొహానికి చెయ్యి అడ్డమే. నీకు తెలియకుండా తీసి చూపిస్తానని అన్న పందెం కాశాడు.

ఆ రోజు ఆమెకు సెలవు. అన్నకు అన్నం తెస్తూ, దారిలో కూరగాయల బండి దగ్గర ఆగింది. బండి ఆవిడ ఏదో అన్నది, ఈమె విరగబడి నవ్వింది. కిటికీలోంచి అతను లెన్స్‌ను పూర్తిగా చాచి, ఆమె కంటి మీద ఫోకస్ నిలిపి, మీట నొక్కాడు. వెనక నారింజరంగు మసక చూసి ఎండ భలే పడిందని మురిసిపోయాడు. అది ఎండ కాదు. వీధికి ఆ చివరనున్న గోదాము తలుపులోంచి లేస్తున్న మంట.

దూరం నుంచి అలాంటి లెన్స్‌తో తీసినప్పుడు వెనకున్నవి ముందుకు జరిగినట్టు కనిపిస్తాయి. బండికీ గోదాముకూ మధ్యనున్న వీధి మొత్తం మడతపడిపోయి, మండుతున్న తలుపు ఆమె భుజం పక్కకు వచ్చి నిలిచింది. మంట సంగతి తర్వాత తెలిసింది. అయినా ప్రింటు తీసి, మెట్ల దగ్గరి అద్దాల పెట్టెలో పెట్టాడు. ఆ దూరం అతనికి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలుసు. తెలుసు కాబట్టే, ఫొటోలోని దగ్గరతనం అతనికి కనిపించలేదు. జనం ఆగి చూస్తుంటే చెల్లెలి నవ్వును చూస్తున్నారనుకున్నాడు.

గోదాము మేనేజరు కూడా ఆగి చూశాడు. స్విచ్‌బోర్డు నిప్పులు కక్కుతోందని చెల్లెలు అతనికి పదేపదే చెప్పింది. అతను పదేపదే కసురుకున్నాడు. తగలబడ్డాక సంజాయిషీ చెప్పుకోవలసిన మనిషికి, చెప్పనక్కర్లేని దారి అద్దం వెనక దొరికింది. ఆ ఫొటోను తీసుకెళ్లి పోలీసులకు చూపించాడు.

అన్న దర్యాప్తు అధికారి కాళ్లావేళ్లా పడ్డాడు. ఒక్కసారి కిటికీ దగ్గరికి వచ్చి కళ్లతో చూడమన్నాడు. మెట్ల కిందే నిలబడి అధికారి స్టూడియో బోర్డు వైపు వేలు చూపించాడు.

"'ఉన్నది ఉన్నట్టు' అని నువ్వే రాయించుకున్నావు కదయ్యా. ఇప్పుడు ఉన్నది లేదంటావా?"

కెమెరానూ లెన్స్‌నూ సంచిలో పెట్టి సీలు వేసుకుపోయారు. బండి ఆవిడను ఇంతవరకూ ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంట్లో అమ్మ అతనికి కంచం పెడుతుంది కానీ మొహం చూడదు. ఒక్కసారే నోరు విప్పింది. "దాచుకుంటే దాచుకోనివ్వాల్సింది రా దాని మొహం."

జైల్లో కలిసినప్పుడు చెల్లెలు నిష్ఠూరమాడలేదు. "ఇది నువ్వేనా అని అడిగారు అన్నయ్యా. అవునన్నాను. అంత బాగా నేనెప్పుడు పడ్డాను గనక, కాదనడానికి?" అంది. ఆ 'అవును'నే నేరాన్ని ఒప్పుకోవడంగా రాసుకున్నారు. పందెం గెలిచినవాడు తల దించుకుని బయటికి వచ్చాడు.

ఇప్పుడు యాజమాన్యం గోదామును కూలగొట్టిస్తోంది. ఒక గోడ ఇప్పటికే పోయింది. కాలిన తలుపు చట్రం మాత్రం ఇంకా నిలబడి ఉంది. అన్న లేవగానే కిటికీ తెరిచి అది ఉందో లేదో చూసుకుంటాడు. అది కూలితే, ఏ లెన్స్ తెచ్చి ఎక్కడ నిలబడినా, చూపించడానికి ఏమీ మిగలదు.

కాబట్టి దర్యాప్తు అధికారినీ, గోదాము యజమానినీ అడుగుతున్నది ఇది. కూల్చివేతను ఈ రోజే ఆపండి. సీలు విప్పి, ఆ లెన్స్‌ను ఆ కెమెరాకే బిగించి, ఆమె తరఫు న్యాయవాదిని వెంటబెట్టుకుని ఆ కిటికీ దగ్గరికి రండి. మీలో ఒకరు కూరగాయల బండి పక్కన నిలబడండి. ఫొటో తీయించండి. అదే తలుపు మీ భుజం పక్కకూ వస్తుంది. తర్వాత బండి దగ్గరి నుంచి ఆ తలుపు దాకా మీ కాళ్లతో మీరు నడవండి. నడిచి వచ్చి, ఆమెను విడిచిపెట్టండి.